సభాపరిభాష: కొన్ని సందేహములు

పౌరశాస్త్రము బోధించుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, రాష్ట్రపతి మన రాష్ట్రములో నుండక ఢిల్లీలో నేల యుండును?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. మాకు నవ్వు రాలేదు. వాని తర్కమున దోషము లేదు; దోషమున్నచో మనము వానికిచ్చిన మాటయందే యున్నది.

తెలుగున రాష్ట్రమనగా ఆంధ్రప్రదేశము, తెలంగాణము వంటి భాగము. హిందీలో ‘రాష్ట్ర’ శబ్దము దేశమంతటికిని, ‘రాజ్య’ శబ్దము అందలి భాగమునకును చెల్లుచున్నది. మనము రాష్ట్రమను మాటను మన యర్థముననే యుంచుకొని, రాష్ట్రపతిని మాత్రము వారి యర్థమున తెచ్చుకొంటిమి. 1954లో పార్లమెంటు రెండు సభలకును లోక్‌సభ, రాజ్యసభ యను పేర్లు వచ్చినవి. రాజ్యసభ యనగా రాష్ట్రముల సభ. తెలుగుచెవికి మాత్రము రాజ్యమనిన రాజు లేలిన సమస్తభూమియు స్ఫురించును. ఇట్లు దేశాధిపతి రాష్ట్రమునకు దిగెను, రాష్ట్రముల ప్రతినిధులు రాజ్యమున కెక్కిరి. ఇక రాష్ట్రమున స్వపరిపాలన నిలిచిపోయి కేంద్రము పాలించునప్పుడు దానిని ‘రాష్ట్రపతి పాలన’ యనిన సామాన్యునికి ఏమి బోధపడవలెను?

అయినను ఈ తికమక పెద్ద హాని కాదు; తప్పు తెలిసిననాడే తీరిపోవును. అర్థమైనట్లే తోచుచు అర్థమును తలక్రిందులు చేయు మాటలే హానికరములు. అందు ‘విశ్వాసము’ మొదటిది.

1954 నవంబరులో ఆంధ్రరాష్ట్ర శాసనసభ మద్యనిషేధ విషయమై ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమును ఒక్క ఓటు తేడాతో పడగొట్టెను. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయిగారి మంత్రివర్గమునకు అనుకూలముగ 269, ప్రతికూలముగ 270 ఓట్లు వచ్చి అదియు ఒక్క ఓటుతోనే పోయెను. మొదటిది అవిశ్వాసతీర్మానము, రెండవది విశ్వాసతీర్మానము. తెలుగింట విశ్వాసమెవరి గుణము? ఉప్పు తిన్న సేవకునిది, గుమ్మము కాచు కుక్కది. అది క్రిందినుండి పైకి పోవునేగాని పైనుండి క్రిందికి రాదు. రాజ్యాంగము 164వ అధికరణమున మంత్రిమండలి శాసనసభకు సమష్టిగ బాధ్యత వహింపవలెనని యున్నది. అనగా సభ యజమాని, మంత్రి సేవకుడు. మన మాట యీ సంబంధమును తిరుగవేసినది. మంత్రివర్గమున కెదురు ఓటు వేసిన సభ్యుడు తిన్నింటి వాసములు లెక్కపెట్టువాడని జనులు తిట్టుటకు కొంతవరకు ఈ మాటయే కారణమని మా యనుమానము. లాభమునకై పక్షము మార్చువాని సంగతి వేరు. వానికొరకు 1985లో 52వ రాజ్యాంగసవరణ వచ్చినది. ఆ ద్రోహమైనను ఓటరుయెడల చేసినదే గాని మంత్రియెడల చేసినది కాదు.

సంస్కృతము చెప్పి జీవించు మేము ఇట్లనుట విడ్డూరముగ నుండవచ్చును గాని, ‘నమ్మకము’ ఇంతకంటె మేలైన మాట. గుమాస్తాపై నమ్మకము పోయినదని షావుకారనును. లెక్కలడుగును, పనినుండి తీసివేయును. సభ చేయునదియు సరిగా నంతియే.

‘ప్రతిపక్షము’ను మాత్రము మేము మెచ్చుకొందుము. కావ్యములలో ప్రతిపక్షమనిన శత్రువే. పత్రికలవారును ఆ యర్థమునే పట్టుకొన్నారు. న్యాయశాస్త్రమున నట్లు కాదు. అచ్చట సత్యనిర్ణయమునకై పక్షప్రతిపక్షములను చేకొని జరుపు చర్చ వాదము. గెలుపే కోరునది జల్పము. తనకొక మతము లేక ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా గలది వితండము. సభల కార్యక్రమమును చదువు గృహస్థులు ఒక దినపు చర్చను ఈ మూటిలో దేనియందు చేర్చవచ్చునో తామే నిర్ణయించుకొని చూడవలెనని మా కోరిక. మేము ప్రయత్నించితిమి, వాదమునకు చోటు తక్కువయే పట్టినది.

‘అభ్యర్థి’ యనగా వేడుకొనువాడు. ఆంగ్లమున ఆ యర్థమున వాడు మాట, రోమునగరమున పదవి కోరువారు ధరించిన తెల్లని వస్త్రమునుండి పుట్టినది; మనవారి ఖద్దరు చూచిన ఆ మాటయు చెల్లును. ‘నియోజకుడు’ నియమించువాడు, అనగా ఓటరు. కావున ‘నా నియోజకవర్గము’ అని శాసనసభ్యుడన్నప్పుడు, నన్ను పనిలో పెట్టినవారు అని యర్థము. వినువారికి మాత్రము జమీందారు తన యెల్లలు చూపుచున్నట్లే తోచును. ఓటు, డిపాజిట్టు అను వానిని తెలుగు చేయబూనుట వృథా. చెల్లిన ఓట్లలో ఆరవవంతుకంటె ఎక్కువ రానివాని డిపాజిట్టు పోవునని కూలివానికిని తెలియును. తెలిసిన మాటను తెలియని మాటగ మార్చుట పండితుల వ్యసనము.

ఆ బాలునితో, రాష్ట్రపతి యనుచోట రాష్ట్రమనగా దేశమని వ్రాసికొమ్మంటిమి. వాడు వ్రాసికొని, "అట్లైన రాష్ట్రమంత్రి యనగా దేశమంత్రియా?" అని మరల నడిగెను.