గొడ్డలితో ముగిసే కథలు

ఈమధ్య బాపట్లలో జరిగిన కథాగోష్ఠిలో ఒక యువ రచయిత కథ చదివాడు. కౌలురైతు కూతుర్ని ఆసామి కొడుకు చెరుస్తాడు. పోలీసులు కేసు రాయరు. పెద్దమనుషులు డబ్బుతో సర్దుబాటు చెయ్యబోతారు. ఆఖరి వాక్యంలో తండ్రి గొడ్డలి ఎత్తుతాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇరవై ఏళ్లుగా ఇలాంటి ముగింపుల్ని ‘చైతన్యవంతమైన ముగింపు’ అని మెచ్చుకుంటూ సమీక్షలు రాసినవాణ్ణి, కొట్టకుండా ఎలా ఉంటాను?

నేను పాఠాలు చెప్పేది రేపల్లెలో. బాపట్ల నుంచి రావాలంటే తెనాలిలో బండి మారాలి. నిడుబ్రోలు దాటాక చుండూరు స్టేషన్ వచ్చింది. ఆ పేరు చూడగానే ఒక సందేహం పట్టుకుంది. మేం చప్పట్లు కొట్టింది ఆ పిల్లకు జరిగిన న్యాయానికా, మాకు కలిగిన తృప్తికా?

చుండూరు సంగతి సాహిత్య విద్యార్థులు మరొకసారి గుర్తు చేసుకోవాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకు నెల ముందు సినిమాహాల్లో కాలు తగిలిందన్న తగాదా రేగింది. ఆ తర్వాత దళితుల్ని పనుల్లోకి పిలవకుండా వెలివేశారు. ఇక్కడ ‘చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నది’ ఎవరు? బలహీనుడు తిరగబడినప్పుడే అధికారులకు ఈ మాట గుర్తొస్తుంది. బలవంతుడికి చట్టం ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. చుండూరులో చంపినవాళ్ల లెక్కలో అది నేరం కాదు, హద్దు మీరినవాళ్లకు వేసిన శిక్ష. సొంత చేత్తో న్యాయం చెయ్యడమన్నది అసలు ఊరి పెత్తందారు సిద్ధాంతం. మన కథలు ఆ సిద్ధాంతాన్ని పరీక్షించకుండా గొడ్డలిని మాత్రం చేతులు మార్చాయి.

మరి చుండూరు దళితులు ఏం చేశారు? చనిపోయినవాళ్లను ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని పోరాడి సాధించారు. కూలికి పోతేగాని పొయ్యి వెలగని మనుషులు, సొంత ఊళ్లో, నిందితుల ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ విడుదల చేసింది. అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

“అందుకే గదా మాస్టారూ, గొడ్డలి!” అంటాడు మన యువ రచయిత. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేను. కోర్టును నమ్ముకోండని బాధితులకు నీతి చెప్పే అర్హత నాకు లేదు. మీద పడ్డవాణ్ణి ఎదిరించి ప్రాణం కాపాడుకోవడం వేరు సంగతి. ఆ హక్కును శిక్షాస్మృతి కూడా ఒప్పుకొంటుంది. నా ప్రశ్న తర్వాత తీరిగ్గా వేసే శిక్ష గురించి.

కారంచేడు ఈ ప్రాంతానిదే. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. ప్రధాన బాధ్యుడని బాధితులు వేలెత్తి చూపిన భూస్వామిని 1989లో పీపుల్స్‌వార్ చంపింది. న్యాయం జరిగిందనుకున్నవాళ్లు చాలామంది. పెద్దయ్యాక నేనూ అలాగే వాదించాను. కాని చచ్చినవాణ్ణి బోనెక్కించలేం. అతని మొహం మీద చెప్పవలసిన మాట బాధితుల గొంతులోనే ఉండిపోయింది. తీర్పు వేరెవరో చెప్పారు, అమలూ వాళ్లే చేశారు. బాధితుడు మళ్లీ ప్రేక్షకుడే అయ్యాడు. అదే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయిందన్నది కూడా నిజమే. ఆలస్యం ఎంత అన్యాయమైనా, ఆ దారిలో బాధితుడు నోరు విప్పాడు.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లోనూ కత్తి లేస్తుంది. అది పడేది తీర్పు చెప్పిన పెద్దమనిషి మీద కాదు, సీతారాముడి సొంత బిడ్డ మీద. పాఠకుడికి పగ తీరిన తృప్తి దొరకదు. ఆ పంచాయితీ ధర్మం ఎవరి ధర్మమన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఆ కథ మీద అంత వాగ్వివాదం జరగడానికి ఆ ముగింపే ఒక కారణమనుకుంటాను. గొడ్డలి కథల మీద వాదం ఉండదు. చప్పట్లతో వాటి పని అయిపోతుంది.

యువ రచయితలకు నేను చెప్పదలచింది ఇంతే. సాక్షిని రాయండి. రేపు ఎవరి మీద సాక్ష్యం చెప్పాలో వాళ్ల చేలోనే ఇవాళ కలుపు తియ్యవలసిన మనిషిని రాయండి. రాజీకొచ్చిన బంధువునూ, కోర్టుకు పోవడంతో పోయిన కూలినీ రాయండి. ‘తేదీ గుర్తుందా?’ అని వకీలు గద్దించినప్పుడు ఆమె ఏమందో రాయండి. గెలిచినట్టు ముగించమనను, అది అబద్ధం. 2014 మన కళ్లముందే ఉంది.

గొడ్డలి ఎత్తడానికి కథలో ఒక్క వాక్యం చాలు. చుండూరు మనుషులు మొదటి తీర్పు వినడానికే పదహారేళ్లు పట్టింది. ఆ పదహారేళ్లకు మన కథలో చోటేదని నా పాత సమీక్షల్లో ఒక్కసారైనా అడగలేదు. ఆ తప్పు నాది. ఇప్పుడు అడుగుతున్నాను.