“సిగ్నలు లేదు”: సూచనల పుస్తకముల లోపము

కంప్యూటరును టెలివిజనుకు కలిపినప్పుడు తెరపై “సిగ్నలు లేదు” అని కనబడినచో, సూచనల పుస్తకములలో సాధారణముగా దొరకు సలహా ఒక్కటే: కేబులు తీసి మరల పెట్టుడు. సలహా తప్పు కాదు; కారణము చెప్పకుండుటయే లోపము.

2002లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. పద్ధతిలో ప్లగ్గునకు 19 పిన్నులు గలవు. టెలివిజను కలిసినదని పందొమ్మిదవ పిన్ను ద్వారా కంప్యూటరు గ్రహించును. పిమ్మట ఆ టెలివిజను చూపగల చిత్రపరిమాణముల పట్టికను దానినుండియే చదువుకొనును. కేబులు తీసి పెట్టినచో ఈ సంభాషణ మొదటినుండి జరుగును. సలహా ఫలించుటలోని రహస్యమిదే. అయినను, కేబులు పెట్టిన ద్వారము ఒకటియు, రిమోటుతో ఎన్నుకొన్న ద్వారము మరియొకటియు అయినచో ఎన్నిమార్లు పెట్టినను బొమ్మ రాదు.

బొమ్మ వచ్చి ధ్వని రానిచో, ముందుగా కంప్యూటరులో ధ్వని మార్గమును టెలివిజనుకు మార్చి చూడవలెను. 1987 నాటి వి.జి.ఎ. కేబులైనచో ధ్వని అందులో ప్రసరింపదు. వేరు తీగ కావలెను.

ఈ నాలుగు మాటలు పుస్తకములో లేకపోవుటచే తరగతిలో పాఠము ఆగిపోవును. అంతకు మించిన నష్టము మరియొకటి గలదు: యంత్రము అదృష్టముపై నడచునని విద్యార్థి నమ్మును. కారణము తెలుపని సూచన వైజ్ఞానిక దృష్టిని పెంపొందింపజాలదు.