ఉదయగిరి కొయ్య చెంచాకు

ఉదయగిరి కొయ్య చెంచా! నీకు దండం పెట్టే ముందు, గొప్పింట మెట్టి అద్దాల బీరువాల్లో స్థిరపడిపోయిన దంతపు వస్తువులకు ఒక దండం పెట్టుకోనీ. పెద్దవాళ్లను దాటుకుని పోవడం మన ఇళ్లలో మర్యాద కాదు.

ఏనుగు దంతాన్ని కాగితమంత పలచగా కోసి, ఆ రేకు నిండా సూదిమొనంత బెజ్జాలు వేసి, అలాంటి రేకులు వరసగా పేర్చి, పైన పట్టు రిబ్బను గుచ్చి, కింద ఒక చీల బిగిస్తే విసనకర్ర. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో చైనాలోని కాంటన్ రేవులో వీటిని యూరప్ దొరసానుల కోసం చెక్కేవారు. ఒళ్లంతా బెజ్జాలైతే ఇక గాలేం విసురుతుంది? విసరదు. అది విప్పి చూపించడానికి, మళ్లీ మూసి ఊరించడానికి. ఆ పనితనం మనకూ తెలుసు. విశాఖపట్నం కంసాలులు కుంపెనీ కాలంలో గంధపుచెక్క పెట్టెల మీద దంతపు రేకులు పరిచారు. ఆ రేకుల మీద పూలతీగెలు గీసి, గీతల్లో నల్ల లక్క కూరారు. దొరలు వాటిని ఓడలెక్కించారు. విశాఖ పనివాళ్ల చేతులు చూడాలంటే ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా పోవాలి. అంత దూరం పోలేనివాళ్లకు హైదరాబాదు ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ నిజాం దగ్గర దివాన్‌గిరీ వదిలేశాక, 1949లో కన్నుమూసేదాకా వస్తువుల వెంటే తిరిగాడు. 1951 డిసెంబరులో ఆయన పేర మ్యూజియం తెరిచారు. అక్కడి దంతపు కుర్చీలను ఫ్రాన్సు రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపాడని చెబుతారు. వాటి మీద ఎవరైనా ఎప్పుడైనా కూర్చున్నారా అని నాకు ప్రతిసారీ అనుమానం వస్తుంది.

అందం, ఒప్పుకుంటాను. అయితే దంతం అంటే పన్ను. దాని మొదలు ఏనుగు పుర్రె లోపల చాలా లోతున ఉంటుంది. ఆ మొదలుతో సహా దంతం కావాలంటే ఏనుగు పడిపోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపారు. 1991 సవరణతో ఆఫ్రికా దంతానికీ తలుపు మూశారు. తాతలనాటి భరిణె ఇంట్లో ఉంటే సర్కారుకు చెప్పి, కాగితం రాయించుకుని దాచుకోవాలి. అమ్మకూడదు, కొనకూడదు. మంచిపనే జరిగింది. ఆ విసనకర్రలు అద్దాల వెనకే ఉండనీ. చూద్దాం, దండం పెడదాం, వచ్చేద్దాం.

కానీ గట్టి పదార్థం దొరికితే చాలు, బెజ్జం పొడిచి వెలుతురును అవతలికి పంపాలనే ఆ పిచ్చి ఉంది చూడు, అది ఏ చట్టానికీ లొంగేది కాదు. అది బతకడానికి ఏనుగే పడనక్కర్లేదు. ఎండిన కొండ ఒకటుంటే చాలు.

ఆ కొండ నీ పుట్టిల్లు. నెల్లూరు నుంచి బయల్దేరితే కోవూరు, బుచ్చి, సంగం మీదుగా ఆత్మకూరు దాకా పెన్న నీళ్ల పుణ్యాన కళ్లు చల్లగా ఉంటాయి. ఆత్మకూరు బస్టాండులో టీ తాగి మళ్లీ బస్సెక్కితే మెట్ట మొదలవుతుంది. ఎర్రనేల, రాళ్లు, అక్కడక్కడా పొగాకు, బోరు పడ్డ రైతుకు నిమ్మతోట, దూరంగా వెలిగొండలు. ఆ దారి చివర ఉదయగిరి దుర్గం నిటారుగా లేచి నిలబడి ఉంటుంది. వానాకాలంలో తప్ప పచ్చదనం పెద్దగా కనబడని ఆ కొండలో నీ చుట్టాలంతా ఉన్నారు. నర్ది, బిక్కి, దేవదారి. హిమాలయాల్లో ఆకాశాన్ని అంటుకునే దేవదారు వేరు, మన మెట్ట కొండల దేవదారి వేరు. ఇది పెద్దగా ఎత్తు పెరగని గుబురు చెట్టు. చేవలో ఎరుపు, ఎరుపులో వాసన. బిక్కి కర్ర దీనికి పూర్తిగా ఎదురు. పాలిపోయిన పసుపు రంగు, గీత కనబడనంత సన్నని పోగు, నున్న చేస్తే దంతమా అని మోసపోయే మెరుపు. నీళ్లు చాలక మెల్లగా పెరిగిన చెట్టుకే ఆ గట్టిదనం. కాలవ కింద కొబ్బరిచెట్టును చెక్కి చూడు, బెజ్జాల జాలీ నిలుస్తుందేమో!

ఈ దుర్గం ఒకప్పుడు గజపతులది. ఏనుగుల ప్రభువులమని బిరుదు పెట్టుకున్నవాళ్లు ఏలిన కొండ కింద ఈనాడు కర్ర చెక్కుతున్నారంటే నాకు నవ్వొస్తుంది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి ముట్టడి వేశాడు. దాదాపు ఏడాదిన్నర కొండ లొంగలేదు. లొంగాక ఆయన ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన వాటిలో బాలకృష్ణుడి విగ్రహం ఒకటి. హంపీలో దానికోసం గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. తర్వాత హంపీ పాడైంది. ఉదయగిరి పిల్లవాడు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. వెన్న తినడానికి ఏ చెంచా అక్కర్లేని పిల్లవాడు, తినడానికి వెన్న లేని చోట కూర్చున్నాడు. నచ్చిన వస్తువును ఎత్తుకుపోయి దాచుకోవడం అనే జబ్బు ఉదయగిరిలో రాయలవారికే మొదట సోకిందేమో అనిపిస్తుంది. ఆయన తర్వాత గోల్కొండ నవాబులు వచ్చారు. కొండ మీద మసీదు లేచింది, కింద రంగనాయకుల గుడి శిథిలమైంది. నీ ఒంటి మీది తీగెలు చూసినప్పుడల్లా ఇవి గుడి స్తంభం నుంచి దిగివచ్చాయా, మసీదు జాలీ నుంచి పాకివచ్చాయా అని వెతుకుతాను. పారశీక నగిషీ అంటారు తెలిసినవాళ్లు. తీగెకు అదేం పట్టదు, ఆనుకోవడానికి చోటు దొరికితే అల్లుకుంటుంది.

నువ్వు తయారయ్యే చోటు దిలావర్‌భాయ్ వీధి. ఇంటి ముందు అరుగు, అరుగు మీద ఒక ముస్లిం తల్లి, పక్కన కోడలో కూతురో. ఒళ్లో గుడ్డ, గుడ్డ మీద పొట్టు. మగవాళ్లు కొండ కర్ర తెచ్చి ముక్కలు కోసి ఇస్తే, నీకు ఒళ్లు తీర్చేది ఎక్కువగా ఆడవాళ్లే. రంపంతో రూపు గీయడం, ఉలితో గుంట తవ్వడం, ఆకురాయితో అరగదీయడం, గరుకు కాగితంతో నునుపు చేయడం. చెప్పడానికి నాలుగు మాటలే. అరగదీయడం దగ్గర నిలబడి చూడాలి. ముతక ఆకురాయి పోయి సన్నది వస్తుంది, సన్నది పోయి ఇంకా సన్నది. ఒక్కో బెజ్జం లోపలి అంచుకు కూడా ఆకురాయి తగలాలి. ఆ అంచును ఎవరూ చూడరు. చూడని అంచును నున్న చేసే ఓపిక డబ్బుకు దొరికేది కాదు, అక్కడ దొరికే డబ్బుకు అసలే కాదు.

ఇదిగో, ఇప్పుడు నా చేతిలో ఉన్నదానివి నువ్వు. జానెడు పొడవున్న ఫోర్కు రూపంలో ఉన్నావు. మూడు ముళ్లు, కొసలు మొద్దుగా, చిగురుకు గుచ్చుకోకుండా. ముళ్లు కలిసే చోట చిన్న నడుం. అక్కడి నుంచి కాడ రెండు పోగులుగా విడిపోయి, ఒకదాని మీదుగా ఒకటి దాటి, మళ్లీ కలిసి, మళ్లీ విడిపోయి, చివర ఒక ఆకై ముగుస్తుంది. రెండు పోగులూ ఒకే కర్ర నుంచి వచ్చినవే, అతుకు లేదు. పై పోగు ఏది, కింది పోగు ఏది అని వేలితో వెతికితే రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని తెలుస్తుంది. దాటినట్టు కనబడటం అంతా ఆకురాయి చేసిన మాయ. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే గోడ మీద నీ నీడ పడుతుంది. కాంటన్ విసనకర్ర నీడ కూడా ఇలాగే పడి ఉండాలి. ఆకు వెనక ఒక చోట ఆకురాయి గీత మిగిలిపోయింది. సన్నని అడ్డగీత. దాన్ని చూసినప్పుడు ఆ మధ్యాహ్నం ఎవరో పిలిస్తే ఆమె తలెత్తి ఉంటుందని అనుకుంటాను.

చేత్తో కలుపుకుని తినే జాతి ఫోర్కులు చెక్కడమేమిటని ఎవరైనా అడగవచ్చు. అడగనీ. పూతరేకులు చేసేవాళ్లు రోజూ పూతరేకులే తింటారా?

నీకు ఈమధ్య కాస్త మంచిరోజులు వచ్చాయి. భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఉదయగిరి పేరు పెట్టుకుని ఇంకో ఊరివాడు అమ్మకూడదు. లేపాక్షి అంగళ్లలో పెట్టెలో పడుకుని కనబడతావు. 2022 జులై 1 నుంచి దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు నిషేధం కూడా అయ్యాయి. అవి పోతే నీకు పీట వేస్తారని ఆశపడ్డాను. పీట మీద మిషను కోసిన చప్పిడి పుల్ల వచ్చి కూర్చుంది. నాలిక మీద పెట్టుకుంటే గరగరలాడే ఆ పుల్లకు చెంచా అని పేరు. దాని గురించి ఇంతకన్నా మాటలు దండగ.

నీ రాజ్యం వేరే. ఆవకాయ జాడీ ఉంది. ఇనప గరిటె పెడితే పులుపుకు తుప్పు పట్టి ఊరగాయ రుచి చెడుతుందని మన ఆడవాళ్లకు ఏ శాస్త్రం చదవకుండానే తెలుసు. అక్కడ నువ్వే దిక్కు. పెరుగు గిన్నె ఉంది. నున్నని నీ గుంట పెరుగు తరకను కోయకుండా ఎత్తుతుంది. వేడి గిన్నెలో గంటసేపు ఉన్నా నీ కాడ కాలదు, అంటుకోని పెనాన్ని నువ్వు గీరవు. అంతా చెప్పి ఒకటి దాచడం అన్యాయం. నెల్లూరు చేపల పులుసులో మాత్రం నీకు పనిలేదు. అందులో ఏ గరిటె పెట్టినా ముక్క చిదురవుతుంది, గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని తిప్పాలి. ఆ ఒక్క చోట నువ్వూ నేనూ దూరంగా నిలబడి వాసన పీల్చుకుందాం.

నిన్ను పోగుచేసేవాళ్లకు నాకు తెలిసిన నాలుగు మాటలు. వెలుతురుకు ఎత్తి చూడాలి, జాలీలో పొట్టు మిగిలిందంటే తొందరలో చేసిన పని. గుంట అడుగున బొటనవేలు తిప్పాలి, ఎక్కడా ఆగకూడదు. పోగు కాడ పొడవునా నిలువుగా పారాలి. అడ్డంగా పారితే అందమంతా ఒక్క దెబ్బకు పోతుంది. కడిగి వెంటనే తుడవాలి, రాత్రంతా సింకులో నానబెట్టకూడదు, నీడలో ఆరబెట్టాలి. నెలకోసారి ఒంటికి నువ్వులనూనె. ఇది పసిబిడ్డకు చేసే చాకిరీయే. ఇంకొకటి, ఇది నా సొంత పైత్యం. జతలు కొనవద్దు. పన్నెండూ ఒకే అచ్చులో ఉంటే అవి కంపెనీ సరుకులా కనిపిస్తాయి. ఒక చేతి నుంచి ఒకటి, ఇంకో చేతి నుంచి ఇంకొకటి కొంటే, కొన్నాళ్లకు ఏ ఆకు ఏ అరుగు మీద పూసిందో చూడగానే తెలిసిపోతుంది. పాత దంతపు వస్తువులు పోగుచేసినవాళ్లకు ఈ సుఖం లేదు. ఆ విసనకర్ర చెక్కిన మనిషిని వాళ్లు వెళ్లి కలవలేరు. నిన్ను చెక్కిన మనిషి ఇంకా అరుగు మీదే ఉంది. బస్సు చార్జీ పెట్టుకుని వెళ్తే మంచినీళ్లిచ్చి కూర్చోమంటుంది.

కొండ మీద కర్ర ఇదివరకటిలా లేదని ఆ వీధిలో అంటారు. పెద్ద కొమ్మ కోసం ఇంకా పైకి, ఇంకా దూరం పోవాలట. ఏనుగు విషయంలో జరిగింది చెట్టు విషయంలో జరగకూడదంటే కొట్టినంత నాటాలి. ఎండుకొండ చెట్టు చెంచా కాడంత లావెక్కడానికే ఏళ్లు పడుతుంది. పిల్లలు ఈ పనిలోకి రావడం లేదని కూడా అంటారు. ఎందుకు వస్తారు? రోజంతా పొట్టులో కూర్చుంటే వచ్చే కూలి ఎంతో నిన్ను బేరమాడేవాళ్లకు తెలుసు. చెంచా దగ్గర పది రూపాయలు తగ్గించమని గీసి గీసి అడిగి, అదే సాయంత్రం నెల్లూరులో ఐస్‌క్రీముకు అడిగినంత ఇచ్చి వస్తాం.

నేను బేరమాడను. ఆ ఒక్క పుణ్యం దక్కించుకున్నాను. కిందటిసారి వెళ్లినప్పుడు అరుగు మీదామె గుడ్డ విప్పి అన్నీ పరిచింది. నా కన్ను సహజంగానే అన్నింటికన్నా పనితనం ఎక్కువున్న దాని మీద పడింది. కాడంతా జాలీ, జాలీలో జాలీ, చివర నెమలి.

"ఇది ఇవ్వక్కా" అన్నాను.

ఆమె ఇవ్వలేదు. చేతిలో పట్టుకునే అడిగింది. "వాడుకుంటావా, బీరువాలో పెట్టుకుంటావా?"

"వాడుకుంటాను. పెరుగులోకి."

"అట్టయితే ఇది వద్దులే. పిల్లోళ్లు పట్టుకుంటే నెమలి మెడ పుటుక్కున ఇరిగిపోద్ది. బీరువాలో పెట్టుకునేవాళ్లు వస్తారు, వాళ్లకిస్తా. నువ్వు దీన్ని తీస్కపో" అని పక్కనున్న సాదా బిక్కి చెంచా అందుకుని, కొంగుతో తుడిచి, గుంటలో బొటనవేలు ఒకసారి తిప్పి చూసి, ఏదో గరుకు తగిలిందేమో, "ఆగు" అని మళ్లీ ఆకురాయి తీసింది.