మారకపు రేటులో సంకేతములు: ఒక విమర్శ

హాలీ సిక్కా చెలామణిలో నున్న కాలమున కరీంనగరము, ఆదిలాబాదు వర్తకులకు నాణెముల మారకము నిత్యానుభవము. సరిహద్దు దాటి చాందా వైపు పోయినచో కల్దారు రూపాయి కావలసి యుండెను. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అనునది ప్రభుత్వపు లెక్క. అందుచే ఊహలకు తావు తక్కువ.

నేటి స్థితి వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములు 2016కు పూర్వము ఈ రెండు జిల్లాలలోనివే. అచటినుండి గల్ఫ్ దేశములకు పోయినవారి కుటుంబములు, దిర్హమునకు నేడు ఎన్ని రూపాయలని ఆత్రముతో చూచుచుందురు. ఈ ఆత్రము నాధారము చేసికొని, "ఇప్పుడు కొనుడు, ఇప్పుడు అమ్ముడు" అని సంకేతములు చెప్పువారు బయలుదేరినారు. అందులో శాస్త్రమెంతయో పరిశీలింతము.

సంకేతములలో మిక్కిలి సులభమైనది చలన సగటు. గడచిన అయిదు రోజుల రేట్లను కూడి అయిదుచే భాగింతురు. మరునాడు పాత రోజు నొకదానిని విడిచి, కొత్తదానిని చేర్తురు. రేటు ఈ సగటును దాటి పైకి పోయిన కొనవలెనని, క్రిందికి దిగిన అమ్మవలెనని సూత్రము.

ఒక కల్పిత ఉదాహరణము చూడుడు. వరుసగా పదకొండు రోజుల రేట్లు: 20, 21, 22, 23, 24, 23, 22, 21, 20, 21, 22. ఏడవ రోజున సగటు 22.8, రేటు 22. కనుక అమ్మవలెను. పదకొండవ రోజున సగటు 21.2, రేటు మరల 22. కనుక కొనవలెను. సూత్రమును తప్పక పాటించినవాడు 22కు అమ్మి 22కే కొన్నాడు! 24 అను శిఖరమును, 20 అను లోయను సంకేతము చూపలేదు. రెండు పర్యాయములు చెల్లించిన రుసుము మాత్రము నష్టము. సగటు గడచినదానిని చెప్పును, రాబోవుదానిని చెప్పదు.

అయినచో గ్రాఫు వ్యర్థమా? కాదు. 2010లో డాలరు సుమారు 45 రూపాయలు. 2022లో 80 దాటినది. ఇట్టి దీర్ఘగమనమును గ్రాఫు చక్కగా చూపును. కాని రేపటి మాట వేరు. ఆర్థిక సూత్రములపై నిర్మించిన నమూనాలు సైతము, స్వల్పకాలమున, "రేపటి రేటు నేటిదే" యను ఊహకంటె మెరుగు కాలేదని మీస్, రోగాఫ్ అను శాస్త్రజ్ఞులు 1983లో చూపిరి.

మరియొక విషయము. 1997 నుండి ఒక డాలరుకు 3.6725 దిర్హములని యు.ఎ.ఇ. స్థిరపరచినది. కనుక దిర్హము-రూపాయి గీత డాలరు-రూపాయి గీతకు చిన్న ప్రతిబింబమే. "దిర్హమునకు ప్రత్యేక సంకేతము" అనువాని మాటలో పస లేదు.

"వాని మాట ఆరుసార్లు వరుసగా నిజమైనది గదా!" అని కొందరందురు. 64 మందికి జాబులు పంపి, సగముమందికి పెరుగునని, సగముమందికి తగ్గునని చెప్పుడు. నిజమైన సగమునకే మరునాడు మరల అట్లే పంపుడు. 32, 16, 8, 4, 2. ఆరవనాటికి ఒక్కడు మిగులును. వానికి మీరు మహాజ్ఞానులు!

ఉపాధ్యాయులు తరగతిలో ఈ ప్రయోగము చేయింపవచ్చును. 50తో మొదలిడి, నాణెమును నూరుసార్లు ఎగురవేసి, బొమ్మ పడిన ఒకటి కలిపి, బొరుసు పడిన ఒకటి తీసివేసి గ్రాఫు గీయింపుడు. దానిలోను శిఖరములు, లోయలు, "సంకేతములు" కనబడును. నాణెమునకు ఉద్దేశ్యము లేదని పిల్లలకు తెలియును. అదియే పాఠము.

అనుమతి లేని విదేశీ మారకపు వేదికల పేర్లను రిజర్వు బ్యాంకు 2022 నుండి జాబితాగా ప్రకటించుచున్నది. డబ్బు పెట్టుటకు ముందు దానిని చూడవలెను. ఇంటికి పంపు సొమ్ము విషయమున గీతను చదువుటకంటె, రుసుము పోను చేతికి ఎంత వచ్చునో రెండు మూడు చోట్ల పోల్చి చూచుట మేలు. ఎడారి యెండలో ఆర్జించిన జీతమును నాణెపు ఆటకు ఒడ్డరాదు.