‘ద్రవ స్ఫటికం’: పారిభాషిక పదం వెనుక శుద్ధి ప్రశ్న

తెలుగు విజ్ఞాన వాఙ్మయంలో ‘ద్రవ స్ఫటికం’ స్థిరపడిన పదం. విశేషణ పూర్వపద కర్మధారయంగా విడదీస్తే ‘ద్రవమైన స్ఫటికం’. ఇందులోని వైరుధ్యం అనువాదంలో పుట్టింది కాదు. జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో లేమాన్ 1889లో ‘ప్రవహించే స్ఫటికాలు’ అన్నప్పుడే అది ఉంది. నిర్వచనంతో మొదలై ఉపయోగాలతో ముగిసే పాఠ్య వివరణలు ఆ పేరు ఎదుర్కొన్న వివాదాన్ని వదిలేస్తాయి. పదానికి ప్రాణం అక్కడే ఉంది.

1888లో ప్రాగ్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టరిల్ బెంజోయేట్‌ను వేడిచేశాడు. అది 145.5 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసక ద్రవమైంది, 178.5 వద్ద తేటపడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలా? రసాయన శాస్త్రజ్ఞుడికి ముందుగా కలిగేది మలినమనే అనుమానం. ఆ మసక రెండు పదార్థాల కలయిక వల్ల వచ్చిందేనని గుస్తావ్ టమ్మాన్ వాదించాడు. దీనికి జవాబు శుద్ధి ప్రక్రియే ఇవ్వాలి. మసకకు మలినం కారణమైతే, పదార్థాన్ని శుద్ధి చేసేకొద్దీ అది తగ్గాలి. తగ్గలేదు. పైగా మలినం చేరితే తేటపడే ఉష్ణోగ్రత సాధారణంగా దిగజారి, ఒక బిందువుగా కాక కొన్ని డిగ్రీల మేర పరుచుకుంటుంది. అందువల్ల ఆ ఉష్ణోగ్రతే శుద్ధతకు పరీక్షగా మారింది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఈ తర్కం కొత్త కాదు. వింతగా తోచిన ప్రతి పాఠాన్నీ మంచి పరిష్కర్త ప్రక్షిప్తమని కొట్టివేయడు. ప్రతులను పోల్చి, నిలిచినదేదో చూస్తాడు.

చిక్కంతా ‘శుద్ధం’ అనే మాటతో. వాడుకలో అది ఉండడమో లేకపోవడమో. ప్రయోగశాలలో అది ఒక పరిమాణం. పునఃస్ఫటికీకరణం, స్తంభ వర్ణలేఖనం దాటివచ్చిన పదార్థంలోనూ అయాన్ల జాడ మిగలవచ్చు. వాయు వర్ణలేఖనానికి అవి చిక్కవు. విద్యుత్ నిరోధకతను కొలిస్తే బయటపడతాయి. తెరలో వాటివల్ల విద్యుదావేశం కారిపోయి బొమ్మ మినుకుమంటుంది.

‘మిశ్రమం’ మాత్రం ‘అశుద్ధం’ కాదు. జార్జ్ గ్రే బృందం 1973లో ప్రకటించిన సయనోబైఫినైళ్లలో ఒకటైన 5సీబీ, సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్యనే ద్రవ స్ఫటికంగా ఉంటుంది. అందుకే తెరల కోసం శుద్ధి చేసిన అనేక సమ్మేళనాలను కోరి కలుపుతారు. కనుక తెలుగు పదకోశాల్లో ప్రక్రియకు ‘శుద్ధి’, కొలతకు ‘శుద్ధత’, అవాంఛితానికి ‘మలినం’, ఉద్దేశపూర్వకంగా కలిపినదానికి ‘మిశ్రమం’ అని వేర్వేరు ఆరోపాలుగా ఇవ్వాలి.