చలికాలపు కషాయము : ఒక సలహాపత్ర విమర్శ

కృష్ణా డెల్టాలో వరికోతలు ముగియు వేళకు చలి మొదలగును. ఉయ్యూరు ప్రాంతమున చెరకు నరికెడు కాలమును అదియే. ఆ దినములలో ఇంటింట తుమ్ములు, దగ్గులు వినబడును; వంటింట శొంఠి, మిరియాలు, బెల్లము వేసిన కషాయము కాగును. ఈ కషాయము పాతదే. “ఇది రోగనిరోధక శక్తిని పెంచును” అను మాట మాత్రము 2020 తరువాత బాగుగ ప్రచారములోనికి వచ్చినది. ఆ సంవత్సరము మార్చి 31న కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ కోవిడ్ సందర్భమున ప్రకటించిన సలహాపత్రము ఆ ప్రచారమునకు తోడ్పడినది. కనుక దానిని శాస్త్రదృష్టితో పరిశీలించుట అవసరము.

వేడినీరు త్రాగుట, దినమునకు కనీసము 30 నిమిషములు యోగాసనములు, ప్రాణాయామము చేయుట, వంటలో పసుపు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి వాడుట, ఉదయము 10 గ్రాముల చ్యవనప్రాశము తినుట, 150 మిల్లీలీటర్ల వేడిపాలలో అరచెంచా పసుపు కలిపి త్రాగుట, తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో కషాయము కాచుకొనుట – ఇవి అందలి ముఖ్యాంశములు. ఇందులో పెక్కు సామాన్య కుటుంబమునకు అందుబాటులో నున్నవి. మితముగ వాడిన హాని చేయనివి. దగ్గు, గొంతునొప్పి తగ్గనిచో వైద్యుని చూడవలెనని కూడ ఆ పత్రము చెప్పినది. ఇది మెచ్చదగిన విషయము.

లోపము “పెంచుట” అను మాటలోనే యున్నది. రోగనిరోధక శక్తి కుండలో పోసి నింపెడు నీరు వంటిది కాదు. తెల్ల రక్తకణములు, ప్రతిరక్షకములు, ముక్కులోని జిగురు పొర మొదలగు అనేక అంగములు ఒకదానిని మరియొకటి అదుపులో నుంచుకొనుచు పనిచేయు వ్యవస్థ అది. జలుబులో ముక్కు కారుట, గొంతు వాచుట చాలవరకు ఆ వ్యవస్థ వైరసుపై జరుపు పోరాటపు ఫలితములే. అది మితిమీరి పనిచేసిన ఉబ్బసము వంటి బాధలు కలుగును. కావున కావలసినది హెచ్చు శక్తి కాదు, సక్రమమైన పని.

రెండవ లోపము : రుజువు గలవానిని, లేనివానిని ఒకే వరుసలో కూర్చుండబెట్టుట. పసుపులోని కుర్కుమిన్ రక్తములోనికి చాల తక్కువగా చేరును. పాలలో కలిపిన పసుపు జలుబును నివారించునని నమ్మదగిన ప్రయోగము లేదు. ఉసిరికలో సి విటమిను ఉన్నదనుమాట నిజమే. కాని 2013లో వెలువడిన ఒక సమీక్షలో, 29 ప్రయోగములను, 11,000కు పైగా మనుష్యులను పరిశీలించి చూడగా, నిత్యము సి విటమిను మాత్రలు వేసుకొన్నను సామాన్యులకు జలుబు వచ్చుట తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దలలో 8 శాతము, పిల్లలలో 14 శాతము త్వరగా తగ్గినది. జలుబు వచ్చిన పిదప మొదలుపెట్టిన వారికి నిలకడయైన ఫలితము కనబడలేదు.

కషాయపు ప్రచారములో మరుగునపడిన వానికే రుజువు ఎక్కువ. 2009లో అమెరికాలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు వైరసును వేసి చూచిరి. రాత్రి 7 గంటలకన్న తక్కువ నిద్రించినవారికి, 8 గంటలు లేక అంతకు మించి నిద్రించిన వారికన్న సుమారు 3 రెట్లు ఎక్కువగా జలుబు వచ్చినది. పరీక్షలకు రాత్రులు మేల్కొని చదువు విద్యార్థులు దీనిని గమనింపవలెను. కట్టెపొయ్యి పొగ, గడ్డి తగులబెట్టిన పొగ, చుట్టపొగ శ్వాసమార్గమును శుభ్రపరచు సూక్ష్మకేశములను దెబ్బతీయును. సబ్బుతో చేతులు కడుగుట, గదికి గాలి ఆడనిచ్చుట వైరసు వ్యాప్తిని తగ్గించును. టీకా అయితే రోగనిరోధక వ్యవస్థకు శత్రువును ముందుగా చూపి పాఠము చెప్పును. జలుబు వైరసులు నూటికి మించిన రకములుగా నుండుటచే దానికి టీకా లేదు, ఇన్‌ఫ్లుయెంజాకు కలదు.

ఇది కేవలము మాటల తగవు కాదు. కషాయమును నమ్మి కాలము గడుపుచుండగా పసిబిడ్డకు న్యుమోనియా ముదురవచ్చును. 2 నెలలు మొదలు ఏడాదిలోపు బిడ్డ నిమిషమునకు 50 సార్లు, 1 – 5 ఏండ్ల బిడ్డ 40 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీయుచున్నను, డొక్కలు ఎగురవేయుచున్నను వెంటనే వైద్యుని వద్దకు తీసికొని పోవలెను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. ఆవిరి పట్టుటకు మరుగునీటిని పిల్లల దగ్గర నుంచరాదు.

“కషాయము త్రాగితిని, వారములో జలుబు తగ్గినది” అని విద్యార్థి చెప్పినచో, ఉపాధ్యాయుడు “త్రాగనివారికి ఎన్ని దినములు పట్టినది?” అని అడుగవలెను. సామాన్యమైన జలుబు 7 – 10 దినములలో దానంతట అదే తగ్గును. శొంఠి కషాయము గొంతుకు హాయి నిచ్చును. అందులకై త్రాగుట తప్పు కాదు. హాయి వేరు, నివారణ వేరు. ఈ భేదమును ఆ సలహాపత్రము స్పష్టముగ చెప్పియుండిన దాని విలువ ఇంకను పెరిగెడిది.