మాయకో దండకం

మాయా, సెకండ్ షో వదిలాక నిన్ను భుజాలకెత్తుకుని బయటికొచ్చే వాళ్లం మేము. బెజవాడ హాల్లో తలుపులు తెరుచుకుంటాయి, దీపాలు వెలుగుతాయి, తెర మీద పేర్లు పైకి పాకుతూనే ఉంటాయి. నువ్వు మాత్రం దిగవు. బెంజి సర్కిల్ దగ్గర మోటార్ సైకిల్ ఇంకా రథమే. కానూరు, తాడిగడప, పోరంకి దాకా షాపుల బోర్డులన్నీ ఏదో రాజ్యపు తోరణాలే. పెనమలూరు దాటితే గాని బందరు రోడ్డుకి చీకటి దొరకదు. గంగూరు దగ్గర తడి మడి వాసన ముక్కుకు తగలగానే నా భుజం మీద నీ పట్టు ఒక వేలు సడలుతుంది. ఈడుపుగల్లులో ఇంకో వేలు. కంకిపాడు సెంటర్లో బండి ఆపి, పొద్దున్నే ఎరువుల కొట్టుకు పోవాలని గుర్తు చేసుకునేసరికి మిగిలిన మూడూ వదిలేస్తావు.

జయం నీకు! బొమ్మ చూసి బుద్ధి పోగొట్టుకుంటారని నిన్ను తిట్టే పెద్దలున్నారు. వాళ్లకు మా గడ్డ సంగతి తెలియదు. నువ్వు ఎక్కడినుంచో ఊడిపడలేదు. నీ ఘటోత్కచుడు రంగారావు నూజివీడులో పుట్టాడు. నీ కంఠం ఘంటసాల గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టాడు. నీ కృష్ణుడు 1923 మే 28న నిమ్మకూరులో పుట్టి, చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్లకు పాలు పోశాడు. పాలు పోసిన ఆ చేతికే పిల్లనగ్రోవి ఇచ్చావే, ఎంత కొంటెదానివి! తిరుపతి కొండ దిగిన యాత్రికులు ఆ గోపాలుణ్ణి చూడ్డానికి తిన్నగా మద్రాసు పోయి ఆయన ఇంటి ముందు నిలబడేవారు. ఆయన ఎవరి బిడ్డో మా జిల్లా వాళ్లకు తెలుసు. తెలియక కాదు, తెలిసే దండం పెట్టారనుకుంటాను.

1957 నీ ఏడు. మార్చి 27న ‘మాయాబజార్’ వచ్చింది. 50 అడుగులకు 60 అడుగుల చోటులో 300 బుల్లి ఇళ్లు కట్టి, వాటిలో దీపాలు పెట్టి, ఇదే ద్వారక అన్నారు. మా లెక్కలో అది ఏడు సెంట్లు కూడా కాదు! మార్కస్ బార్ట్లే తన దీపాలతో వెన్నెల కాయించాడు, ఊళ్లకు ఊళ్లు ఆ వెన్నెట్లో తడిశాయి. అదే ఏడు డిసెంబర్ 24న ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైంది. 12 లక్షల ఎకరాలకు పైగా తడిపే కట్ట అది. ఏడు సెంట్ల ద్వారకనూ, నదికి అడ్డంగా నిలిచిన ఆ కట్టనూ మా వాళ్లు ఒకే నోటితో మెచ్చుకున్నారు. నారుమడికి నీళ్లు మాత్రం ద్వారకను అడగలేదు.

2009 డిసెంబరులో ‘అవతార్’ చూసిన కొందరికి పండోరా లేని ఈ లోకం వెలవెలపోయి కనిపించిందని, వాళ్లు దిగులుతో కుంగిపోయారని మరుసటి నెల వార్తలొచ్చాయి. ఆ జనవరి 30నే మన ‘మాయాబజార్’ రంగులద్దుకుని మళ్లీ హాళ్లకొచ్చింది. వాళ్లను చూసి నవ్వడం నాకు చేతకాదు. నిన్ను దించుకోవడానికి వాళ్లకు ఇన్ని ఊళ్ల దారి దొరకలేదేమో.

‘బాహుబలి’లోని మాహిష్మతి కూడా అంతే, సినిమాతో పోలేదు. పెదపారుపూడి మనిషి రామోజీరావు హైదరాబాద్ పొలిమేరలో కట్టిన ఫిల్మ్ సిటీలో టికెట్ కొని చూడొచ్చు. తడితే రాతి మోత రాదు. తట్టిన చెయ్యే మరుక్షణం ఫోన్ పైకెత్తి, ఆ గోడ ముందే పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తుంది.

నిమ్మకూరు కృష్ణుడు 1982 మార్చి 29న పార్టీ పెట్టాడు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యాడు. వేషానికి ఓటేశారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మోజు లేదని నేననను, బోలెడంత ఉంది. కిరీటం జనాన్ని రోడ్డు మీదికి రప్పించింది కూడా. కానీ కిలో బియ్యం రెండు రూపాయలన్న మాట కిరీటం లోంచి రాలేదు. ధాన్యం బస్తా ధర నోటి లెక్కతో కట్టే జనం ఆ మాటను ఆ లెక్కలోనే విన్నారు.

రా మాయా, సంక్రాంతికి రా, వేసవికి రా, కొత్త రాజ్యాలూ కొత్త ఏనుగులూ వెంటేసుకుని రా. టికెట్ ధర కాస్త తగ్గించుకుని రా, అదొక్కటే మనవి. కాలవలో నీళ్ల వంతు మా వైపు పడిన రాత్రి మాత్రం పిలవకు. ఆ రాత్రి మొదటి ఆట పోయినా సరే, తూము దగ్గరే ఉంటాం. మర్నాడు మ్యాట్నీకి వస్తాం.